అంకమ్మ చేతి గడియారం

గురువారం ఉదయం పది గంటల పది నిమిషాలకు రాళ్లవాగు జిల్లా మ్యూజియం ముందు వరండాలో అంకమ్మ ఎడమ చెయ్యి ఊడి కింద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చెయ్యి పడిన చోట అటెండర్ జాలయ్య చెప్పులు ఉన్నాయి. వాటిలో జాలయ్య లేడు.

అంకమ్మది రాతి విగ్రహం. వయసు తొమ్మిది వందల ఏళ్లని మ్యూజియం బోర్డు చెబుతుంది. ఊడిన చెయ్యి సిమెంటుది. అతికించి నెల దాటింది. ఆ చేతి మణికట్టుకు ఒక గడియారం ఉంది. అదీ సిమెంటుదే. అందులో కూడా టైము పదీ పదే. అందులో ఎప్పుడూ అంతే.

ఆ సమయానికి వరండాలో వేములబండ గ్రామస్తులు, మేళం వాళ్లు, దేవాదాయ శాఖ నుంచి వచ్చిన అధికారి ఒకరు, మ్యూజియంల శాఖ డిప్యూటీ డైరెక్టర్ త్రివిక్రమరావు, క్యూరేటర్ సువర్చల ఉన్నారు. చెయ్యి పడగానే మేళం ఆగింది. ఒక డోలు మాత్రం ఇంకాసేపు మోగింది. ఆ డోలు కొట్టే మనిషి చూపు డోలు మీదే ఉంది.

రాతి దేవతకు సిమెంటు చెయ్యి ఎందుకు వచ్చిందో తెలియాలంటే కిందటి చలికాలం దగ్గరికి వెళ్లాలి.

దేశ రాజధానిలో మ్యూజియంల వ్యవహారాలు చూసే పెద్ద అధికారి ఒకరు అప్పుడు తన అత్తగారిని ఒక ప్రాంతీయ మ్యూజియంకు తీసుకువెళ్లారు. ఆవిడ మూడు గదులు చూసి, నాలుగో గది ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

"ఇంతమంది జీతాలు తీసుకుంటున్నారు. ఒక్క బొమ్మ సరిగ్గా లేదు. ముక్కుంటే చెయ్యి లేదు, చెయ్యుంటే తల లేదు. మీరు చూసుకునేది ఇదేనా?" అని అల్లుణ్ణి అడిగారు.

అల్లుడి దగ్గర జవాబు లేదు. జవాబు లేని ప్రశ్నను కింది ఆఫీసుకు పంపడం ప్రభుత్వ పద్ధతి. సోమవారానికి ఆ ప్రశ్న దేశంలోని ప్రాంతీయ మ్యూజియంలు, చిత్రశాలలన్నిటికీ చేరింది.

"ప్రజాధనముతో నిర్వహింపబడుచున్న ప్రదర్శనశాలల యందు అధిక శాతము వస్తువులు ముక్కు, చెయ్యి, శిరస్సు ఇత్యాది అవయవములు లోపించిన స్థితిలో ఉన్నట్లు గమనించడమైనది. సదరు నష్టమునకు బాధ్యులైన సిబ్బందిని గుర్తించి తక్షణము నివేదించవలెను."

సువర్చల జవాబు రాశారు. విగ్రహాలు విరిగింది మ్యూజియంకు రాకముందేనని, కొన్ని యుద్ధాల్లో, కొన్ని తుఫానుల్లో, కొన్ని వాటంతట అవే విరిగాయని, బాధ్యులు ప్రస్తుతం అందుబాటులో లేరని తెలిపారు. తిరుగు టపాలో మరో ప్రశ్న వచ్చింది. బాధ్యులు పదవీ విరమణ చేశారా, మరణించారా? మరణిస్తే ధ్రువపత్రం జతచేయాలి.

ఉత్తరాదిన ఒక క్యూరేటర్ విసిగిపోయి ఒక సుల్తాను పేరు రాసి పంపాడు. సుల్తానుకు నోటీసు వెళ్లింది. కోటకు తాళం వేసి ఉన్నందున తిరిగి వచ్చింది.

బాధ్యులు దొరకరని తేలాక రాజధాని ఒక పథకం ప్రకటించింది. దాని పేరు 'సంపూర్ణం'. దాని ప్రకారం వేసవి దాటేలోగా ప్రతి మ్యూజియంలో ప్రతి వస్తువుకూ అన్ని అవయవాలూ ఉండాలి. ఒక్క వస్తువు విరిగి ఉన్నా ఆ మ్యూజియంను మూసి, భవనాన్ని అవసరం ఉన్న మరో శాఖకు ఇస్తారు.

రాళ్లవాగులో అవసరం రిజిస్ట్రేషన్ శాఖకు ఉంది. ఉత్తర్వు వచ్చిన వారంలో ఇద్దరు ఉద్యోగులు టేపు తెచ్చి గదులు కొలిచారు. విగ్రహాల గదిలో అంకమ్మ చుట్టూ కొలవాల్సి వచ్చింది.

"ఇది తీసేస్తారు గదా మేడం? స్టాంపు వెండర్లకి ఈ మూల అయితే గాలి తగిలిద్ది," అని ఒకతను అడిగాడు.

"తీయం," అన్నారు సువర్చల.

అతను మోకాళ్ల పైన విరిగిపోయిన వాటిని, మోచేతుల దగ్గర విరిగిపోయిన వాటిని చూసుకుంటూ గదంతా తిరిగాడు. "ఎట్లా ఉంచుతారు మేడం?" అని నొచ్చుకున్నట్టే అన్నాడు.

మర్నాడు త్రివిక్రమరావు రాష్ట్రంలోని క్యూరేటర్లందరితో తెర మీద సమావేశం పెట్టారు. సువర్చల చెయ్యెత్తారు.

"సార్, ఇవి విరిగాయి కాబట్టే మన దగ్గరికి వచ్చాయి."

"నేను అడిగేదీ అదేనమ్మా. విరిగిన స్థితిలో స్వీకరించారు. స్వీకరించేటప్పుడు చూసుకోవలసిన బాధ్యత లేదా?"

"చూసుకునే తీసుకున్నాం సార్."

"చూసి కూడా తీసుకున్నారు. దీన్ని రికార్డు చెయ్యండి," అని ఆయన పక్కకు తిరిగి ఎవరికో చెప్పారు.

"అయితే ఒక్క మాట రాసివ్వండి సార్. చేతులు అతికించడానికి రాతికి రంధ్రాలు వేయకూడదు, కడ్డీలు దింపకూడదు. చట్టం ఒప్పుకోదు."

త్రివిక్రమరావు చట్టం తెప్పించుకుని చూశారు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. "రంధ్రము వేయరాదు. చెయ్యి ఉండవలెను."

చేతులు, తలలు, ముక్కులు సరఫరా చేయడానికి టెండరు పిలిచారు. ప్రభుత్వానికి చేతులు సరఫరా చేసిన అనుభవం ఉండాలని షరతు. ఆ అనుభవం ఉన్నది ఒకే కాంట్రాక్టరుకు. పేరు బ్రహ్మయ్యాచారి. ఊళ్లలో నాలుగు రోడ్ల కూడళ్లలో నిలబెట్టే నాయకుల విగ్రహాలు ఆయనే పోస్తాడు. పార్టీ మారినప్పుడు తల మారుతుంది. చేతులకు మాత్రం ఆయన దగ్గర రెండే అచ్చులు ఉన్నాయి. కుడి చెయ్యి వేలు చాపి ముందుకు చూపిస్తుంది. ఎడమ చెయ్యి పక్కన వేలాడుతుంది. దానికి గడియారం ఉంటుంది.

పెట్టెలు లారీలో వచ్చాయి. జాలయ్య మొదటి పెట్టె విప్పి చాలాసేపు లోపలికి చూశాడు.

"మేడం, ఇయ్యన్నీ ముక్కులే."

"ఎన్ని?"

"పెట్టెడు."

"మనకు కావాల్సింది ఇరవై రెండే కదా జాలయ్యా."

"నాతో చెప్పబాకండి మేడం. ఇంకో మూడు పెట్టెలు ముక్కులు లారీలోనే ఉండయి."

పంపిన సామగ్రి మిగలరాదని, మిగిలితే అంచనా తప్పినట్టని, అంచనా తప్పిన వారి మీద చర్య ఉంటుందని పథకం నిబంధన. అవసరమైన విగ్రహాలకు పెట్టాక మిగిలిన ముక్కులను ఎవరికి పెట్టాలా అని జాలయ్య గదులన్నీ తిరిగాడు. చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన ఒక వీరగల్లు మీద గుర్రానికి పెట్టాడు. ఆ గుర్రం వెనక నడుస్తున్న కుక్కకు పెట్టాడు. నంది దగ్గర ఆగి సువర్చల వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

తలల అచ్చు ఒకటే. ఏ మతానికీ, కులానికీ, ప్రాంతానికీ చెందని తలను కమిటీ ఎంపిక చేసింది. అది ఎవరిదని అడిగితే ఎవరిదీ కాదని, అందుకే అందరికీ సరిపోతుందని బ్రహ్మయ్యాచారి చెప్పాడు. తీర్థంకరుడికి, నాగినికి, ఒక పేరు తెలియని రాజుకు అదే తల పెట్టారు. ముగ్గురూ ఒకేలా నవ్వుతున్నారు.

పాత రాతి గొడ్డళ్లకు కొత్త కర్రలు దిగ్గొట్టారు. కుండ పెంకులన్నిటినీ కలిపి ఒక కుండ చేశారు. పై గదిలోని చిత్రశాలలో ఒక చిత్రకారుడు సగం గీసి చనిపోయిన బొమ్మ ఉంది. పెట్రోలు బంకు బోర్డులు రాసే పెయింటరు వచ్చి మిగతా సగం పూర్తి చేశాడు. బావి దగ్గర బిందెతో నిలబడిన మనిషి ఇప్పుడు బంకు దగ్గర నిలబడి ఉంది.

అంకమ్మ దగ్గరికి వచ్చేసరికి సువర్చల అడ్డుపడ్డారు.

"ఆచారి గారూ, ఆ గడియారమైనా చెక్కేయండి."

"చెక్కితే చెయ్యి అసంపూర్ణం అయిద్దమ్మా. మళ్లీ నా బిల్లు ఆగిద్ది."

"అమ్మవారికి గడియారం ఏంటండీ?"

"నాయకులకి మాత్రం ఎందుకమ్మా? అందులో ముళ్లు తిరగవు. ఒక్కరు అడగలా ఇన్నేళ్లలో."

రంధ్రాలు లేవు, కడ్డీలు లేవు. జిగురు కలిపిన ముద్ద పెట్టి అతికించారు. అంకమ్మ కుడి చెయ్యి కిటికీలోంచి బస్టాండు వైపు చూపించింది. ప్రతి వస్తువు పక్కనా 'సంపూర్ణం' అని ఒక బోర్డు పెట్టారు. రిజిస్ట్రేషన్ శాఖ వాళ్లు వచ్చి చూసి, టేపు చుట్టుకుని వెళ్లిపోయారు. జిల్లా పత్రికలో ఫోటో పడింది. ఫోటోలో అంకమ్మ ఉంది, పక్కన జిల్లా అధికారులు ఉన్నారు. అధికారుల్లో ఇద్దరు కుడి చెయ్యి చాపి అంకమ్మను చూపిస్తున్నారు.

ఆ ఫోటో వేములబండలో చూశారు.

వేములబండ రాళ్లవాగుకు బస్సు దూరం. అంకమ్మ ఆ ఊరి దేవత. నలభై ఏళ్ల కిందట తుఫానులో గుడి కప్పు కూలి అమ్మవారి చేతులు రెండూ విరిగాయి. విరిగిన విగ్రహానికి పూజ చేయరు. నీళ్లలో వదిలేస్తారు. ఊరివాళ్లు బండికెత్తి కాలువ గట్టు దాకా తెచ్చారు. అప్పటి క్యూరేటర్ జీపులో ఎదురుపోయి, నీళ్లకు ఇచ్చే బదులు తమకు ఇమ్మని అడిగి తీసుకున్నాడు. ఊరు కొత్త విగ్రహం చేయించుకుంది. మ్యూజియంలో ఉన్న దేవతల్లో సగం మంది ఇలా వచ్చినవాళ్లే. దేశంలో చాలా మ్యూజియంలలో కూడా అంతే. విరగడం వల్లే గుడి వదిలి వచ్చారు. ఈ సంగతి పథకం రాసినవాళ్లకు ఎవరూ చెప్పలేదు. సువర్చల చెప్పారు, అది రికార్డయింది.

ఫోటో పడిన మర్నాడు మ్యూజియం తలుపులు తీసేసరికి మెట్ల మీద ముప్ఫై మంది ఉన్నారు. ముందు నాంచారమ్మ ఉంది. అంకమ్మకు మొదటి పొంగలి పెట్టే ఇల్లు వాళ్లది. అరవై దాటిన మనిషి. సువర్చలకు ఆమె తెలుసు. ప్రతి ఏడూ ఊళ్లో అమ్మవారి కొలుపులు అయిపోయాక ఆమె ఒక్కతే వచ్చి, టికెట్ తీసుకుని, అంకమ్మ ఎదురుగా కాసేపు నిలబడి వెళ్లిపోతుంది. ఏనాడూ దణ్ణం పెట్టలేదు.

"చేతులు వచ్చినయ్యంటగా తల్లీ," అంది నాంచారమ్మ. "మా అమ్మని మాకియ్యండి."

"అవి సిమెంటు చేతులు పెద్దమ్మా."

"సిమెంటయితే ఏంది? మా గుడీ సిమెంటే. ఉన్నయ్యా లేవా?"

ఊరి పెద్ద వెంగళరెడ్డి బోర్డు దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చదివాడు. "సంపూర్ణం. ఇది మేం రాసింది కాదు గదమ్మా, గవర్నమెంటోళ్లు రాసింది. సంపూర్ణంగా ఉన్న అమ్మోరు గుళ్లో ఉండాల్నా, మీ ఆఫీసులో ఉండాల్నా?"

"మరి మీ ఊళ్లో ఉన్న విగ్రహం?"

"కొత్తామె ఉంది, లేదన్లా. నలభయ్యేళ్లయింది. ఇప్పటికీ కొత్తామె అనే పిలుస్తన్నాం. వానలడిగితే ఆమె కుదురుకోనీ అంటారు."

వెనక నుంచి ఎవరో గడియారాన్ని చూశారు. "అమ్మోరు టైము గూడా చెప్తంది రెడ్డీ. పదీ పది. చెయ్యి చూడు, బస్టాండు చూపిస్తంది. పోదాం పదండి అంటంది."

ఆడవాళ్లు కొబ్బరికాయలు తీశారు. లోపల కాయ కొట్టకూడదని జాలయ్య అడ్డం పోయాడు. "టికెట్ తీసుకున్నాం గదయ్యా," అన్నారు వాళ్లు. తీసుకున్నారు. మధ్యాహ్నానికి మరో రెండు ఊళ్లు వచ్చాయి. తీర్థంకరుడికీ, నాగినికీ, రాజుకూ ఒకే తల ఉండటంతో ఎవరు ఎవరో తేలక ఆ రెండు ఊళ్లూ మూడు విగ్రహాలనూ అడిగాయి.

దేశంలో మిగతా చోట్ల కూడా ఇదే జరుగుతున్నట్టు వార్తలు వచ్చాయి. ఒక కొండ రాష్ట్రంలో మ్యూజియం బయట ప్రసాదం కౌంటరు వెలిసింది. మరోచోట సెక్యూరిటీ గార్డు జంధ్యం వేసుకుని హారతి పళ్లెం పట్టుకున్నాడు. రాజధానిలో ఈ నివేదికలు చదివారు. సందర్శకుల సంఖ్య పెరిగిన వరుస మాత్రమే చదివారు. పథకం విజయవంతమైందని ప్రకటించారు.

వేములబండ సంగతి తేల్చడానికి త్రివిక్రమరావు స్వయంగా వచ్చారు. సమావేశం క్యూరేటర్ గదిలో జరిగింది.

దేవాదాయ శాఖ అధికారి మొదట మాట్లాడారు. "అవయవాలు పూర్తయిన క్షణం నుంచి అది వస్తువు కాదండి, దేవత. దేవత మా శాఖ పరిధిలోకి వస్తుంది."

"ఆ అవయవాలు మా శాఖ సరఫరా చేసినవి," అన్నారు త్రివిక్రమరావు.

"అయితే చేతులు మీరుంచుకుని దేవతను మాకివ్వండి."

"చేతులు తీస్తే అసంపూర్ణం. అసంపూర్ణ వస్తువు ఈ ప్రాంగణంలో ఉండరాదు."

"చేతులు తీస్తే మాకు మాత్రం ఎందుకండీ?"

జాలయ్య టీ ఇచ్చాడు. టీ తాగాక త్రివిక్రమరావుకు పరిష్కారం దొరికింది. వేములబండ గుడిలోని కొత్త విగ్రహం మ్యూజియంకు వస్తుంది. పాత విగ్రహం గుడికి వెళుతుంది. ఒక సంపూర్ణానికి మరో సంపూర్ణం. నష్టం ఎవరికీ లేదు.

"సార్," అన్నారు సువర్చల, "ఆ కొత్త విగ్రహం చెక్కిన శిల్పి ఇంకా బతికే ఉన్నాడు. మొన్న మా చుట్టాల పెళ్లిలో కనిపించాడు."

"చేతులు ఉన్నాయా లేవా?"

"ఉన్నాయి సార్."

"ముక్కు?"

"ఉంది."

"మరి మీ అభ్యంతరం ఏమిటో నాకు బోధపడటం లేదు. ఈ మ్యూజియం ఉండాలని మీకు ఉందా లేదా?"

ఉందని సువర్చల అన్నారు. ఆ రెండు విగ్రహాల్లో మ్యూజియంలో ఉండదగింది అంకమ్మ ఒక్కతేనని కూడా అన్నారు. రెండో మాట అనేసరికి త్రివిక్రమరావు ఫోను మాట్లాడుతున్నారు.

బుధవారం సాయంత్రం నాంచారమ్మ ఒక్కతే వచ్చింది. తెల్లారితే తీసుకుపోతాం గదా, ఒకసారి చూసిపోదామని వచ్చానంది. ఇద్దరూ అంకమ్మ ముందు నేల మీద కూర్చున్నారు.

"పెద్దమ్మా, ఆ కాలి అందెలు చూడు. ఒక్కో మువ్వలో రాతి గుండు విడిగా ఉంది, కదిలేలా చెక్కారు. గుడికి పోతే నూనె పోస్తారు, పసుపు మెత్తుతారు, వెండి కళ్లు అతికిస్తారు, రంగేస్తారు. రెండేళ్లకు ఇవేవీ కనపడవు."

"అమ్మోరికి నూనె రాయకుండా ఎండబెడతారా ఎక్కడన్నా?"

"కప్పు కూలింది కదా అప్పుడు."

నాంచారమ్మ సిమెంటు చేతుల వైపు చూసింది. "నేనప్పుడు కొత్త కోడల్ని. బండి మీద చేతుల్లేకుండా పోతా ఉంటే మా అత్త మొహం తిప్పుకోమంది. తిప్పుకున్నా. ఆ తర్వాత ఏడాదికోసారి వచ్చి చూసిపోతా ఉండా." తర్వాత అడిగింది. "నువ్వు దణ్ణం పెట్టుకోవా ఈమెకి?"

"నేను తుడుస్తాను."

"రోజూనా?"

"సోమవారం సెలవు."

"సోమారం ఎవురు తుడుస్తారు?"

"సోమవారం కూడా నేనే వస్తాను."

నాంచారమ్మ సువర్చల భుజం పట్టుకుని లేచింది. "రేపు నువ్వు గూడా రా. పొంగలి తిని పోదువుగాని," అంది.

గురువారం ఉదయం తొమ్మిదింటికి కొత్తామె ట్రాక్టరులో వచ్చింది. నిబంధన ప్రకారం ముందు స్వీకరణ, తర్వాత అప్పగింత. అంకమ్మను దించిన పీఠం మీద కొత్తామెను నిలబెట్టి, నంబరు రాసి, పక్కన బోర్డు పెట్టారు. పది గంటలకు త్రివిక్రమరావు, వెంగళరెడ్డి, దేవాదాయ శాఖ అధికారి కాగితాల మీద సంతకాలు చేశారు. పాత అంకమ్మను దుంగల మీద దొర్లించి వరండాలోకి తెచ్చారు. గడియారంలో ఉన్న వేళకే కదలాలని ఊరివాళ్లు పట్టుపట్టినందున అందరూ ఆగారు. పదీ పదికి మేళం మొదలైంది. వెంగళరెడ్డి కొబ్బరికాయ కొట్టాడు. చెయ్యి ఊడింది.

డోలు కూడా ఆగాక మొదట మాట్లాడింది త్రివిక్రమరావు.

"ఎవరూ కంగారు పడవద్దు. ఇది రవాణాలో సహజంగా సంభవించే స్వల్ప నష్టం. రెండో చెయ్యి పటిష్ఠంగా ఉంది," అని ఆయన ముందుకు వచ్చి, చూపించడానికి కుడి చెయ్యి పట్టుకుని ఊపారు. అది ఆయన చేతిలోకి వచ్చింది.

ఆయన దాన్ని ఏం చేయాలో తెలియక పట్టుకుని నిలబడ్డారు. ఆ చేతి వేలు ఎవరి వైపు తిరిగితే వాళ్లు పక్కకు తప్పుకున్నారు.

"దిగ్గొట్టలేదా కడ్డీ?" అని ఆయన అడిగారు.

"మీ ఉత్తర్వు సార్. రంధ్రం వేయరాదు," అన్నారు సువర్చల.

ఆడవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. మేళం వాళ్లు వాయిద్యాలకు గుడ్డలు చుట్టారు. వెంగళరెడ్డి తలపాగా తీసి దులిపి మళ్లీ కట్టుకున్నాడు.

"ఇంగేముంది. చేతుల్లేని తల్లిని తీసకపోయి ఏం చేసుకోను? మా కొత్తామెని మాకియ్యండి, పోతాం."

"ఆ విగ్రహం ఇప్పుడు జాతీయ సంపద," అన్నారు త్రివిక్రమరావు. "పది గంటల నుంచి. దాన్ని విడుదల చేసే అధికారం నాకు లేదు. రాజధానికి రాయాలి."

"ఇదేం కర్మయ్యా! మా అమ్మోరు నిన్న రాత్రి దాకా మా గుళ్లో ఉండె!"

"మీ సంతకం ఉంది."

"మరి ఈమె?" అని వెంగళరెడ్డి అంకమ్మను చూపించాడు.

"ఈమెను మీకు అప్పగించాం. అదీ పది గంటలకే."

"మేం ఎత్తలా గదా!"

దేవాదాయ శాఖ అధికారి తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఖండిత విగ్రహం తమ పరిధిలోకి రాదని చెప్పి జీపు ఎక్కారు. సువర్చల డిప్యూటీ డైరెక్టరు దగ్గరికి వచ్చారు.

"లోపల పెట్టిస్తాను సార్."

"ఎలా పెట్టిస్తారు? అసంపూర్ణం. పైగా మన లెక్కలో లేదు, అప్పగించేశాం. వాళ్ల లెక్కలోనూ లేదు, వాళ్లు తీసుకోలేదు. రికార్డు ప్రకారం ఇక్కడ ఏ విగ్రహమూ లేదు."

"చేతులు మళ్లీ అతికించమంటారా?"

"లేని విగ్రహానికి చేతులు లేవన్న ప్రశ్నే ఉత్పన్నం కాదమ్మా."

ఆ మాటను రాసివ్వగలరా అని సువర్చల అడిగారు. ఆయన రాసిచ్చారు. చేతిని జాలయ్యకు ఇచ్చి, రుమాలుతో చేతులు తుడుచుకుని కారెక్కారు.

ఊరివాళ్లు మెట్ల మీద ఇంకాసేపు ఉన్నారు. నాంచారమ్మ ఇంటి నుంచి తెచ్చిన పొంగలి గిన్నె అలాగే ఉంది. కొలుపు మధ్యలో ఆపకూడదని ఎవరో అన్నారు. వాళ్లు టికెట్లు తీసుకుని లోపలికి వెళ్లి కొత్తామెకు పొంగలి పెట్టి వచ్చారు. అంకమ్మను దాటి వెళ్లేటప్పుడు ఎవరూ అటు చూడలేదు. నాంచారమ్మ చూసింది.

మధ్యాహ్నం జాలయ్య, ఇద్దరు కూలీలు అంకమ్మను దుంగల మీద వెనక వరండాకు దొర్లించారు. సిబ్బంది అక్కడ అన్నాలు తింటారు. వాన జల్లు పడదు.

కొత్తామెను విడుదల చేయాలన్న ఫైలు రాజధానిలో పరిశీలనలో ఉంది. ఈలోగా వేములబండ ప్రతి శుక్రవారం మ్యూజియంకు వస్తోంది. సందర్శకుల సంఖ్య ఎనిమిది రెట్లు పెరిగింది. దేశంలోని ప్రాంతీయ మ్యూజియంలలో రాళ్లవాగుకు మొదటి స్థానం వచ్చింది. త్రివిక్రమరావుకు పదోన్నతి వచ్చింది. రిజిస్ట్రేషన్ శాఖ పాత ధాన్యం గోదాములోకి మారింది.

పథకం ముగింపు తనిఖీకి రాజధాని నుంచి ఒక బృందం వచ్చింది. గదులన్నీ చూసి, అన్నీ సంపూర్ణమని రాసుకున్నారు. భోజనం వెనక వరండాలో పెట్టారు. ఒక సభ్యుడు విస్తరి ముందు కూర్చుని, ఎదురుగా ఉన్న విగ్రహం ఏమిటని అడిగాడు. సువర్చల త్రివిక్రమరావు రాసిచ్చిన కాగితం చూపించారు. ఆయన చదివి, తిరిగిచ్చి, పెరుగు అడిగాడు.

ఊడిన చేతులు సరఫరా లెక్కలో ఉన్నందున పారేయడానికి వీల్లేదు. వేలు చూపే చేతిని జాలయ్య నడవా మలుపులో గోడకు బిగించాడు. అది మరుగుదొడ్లు ఎటో చూపిస్తోంది. గడియారం ఉన్న చెయ్యి టికెట్ కౌంటరులో ఉంది. గాలికి టికెట్లు ఎగరకుండా వాటి మీద పెడతారు.

గత సోమవారం మ్యూజియంకు సెలవు. సువర్చల తుడిచే గుడ్డ తీసుకుని వెనక గేటు నుంచి వచ్చారు. గేటు దగ్గర ఒక జత చెప్పులు ఉన్నాయి. వరండాలో నాంచారమ్మ నేల మీద కూర్చుని, కొంగుతో అంకమ్మ కాలి అందెలు తుడుస్తోంది. దణ్ణం పెట్టలేదు.